ఐదడుగులైనా లేని జుజుత్సు టీచర్

1910 జులైలో లండన్‌లోని పంచ్ అనే హాస్య పత్రికలో ఒక కార్టూన్ వచ్చింది. రోడ్డు మీద ఓ మహిళ ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఎదురుగా పోలీసుల గుంపు. అంతమందిలో ముందడుగు వేసే ధైర్యం ఒక్కరికీ లేదు. ఎందుకంటే అప్పటికే ముందుకొచ్చిన వాళ్ల గతి ఏమైందో వెనకే కనిపిస్తోంది, ఇనుప కమ్మీల మీద వేలాడుతున్నారు పాపం.

నవ్వించడానికి వేసిన బొమ్మే. కానీ ఆ బొమ్మ ఊరికే పుట్టలేదు. జుజుత్సు తెలిసిన ఓటు హక్కు ఉద్యమకారిణి అనేసరికి ఆ రోజుల్లో లండన్ పత్రికలకు గుర్తొచ్చే పేరు ఒకటి ఉండేది. ఎడిత్ గ్యారుడ్. ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. మన సిటీ బస్సులో పైన కడ్డీ పట్టుకోవడానికి మునివేళ్ల మీద నిలబడాల్సి వచ్చే మనిషన్నమాట. అలాంటావిడ పెద్ద పెద్ద పోలీసులను నేల మీద పడేయడం ఎలాగో వందేళ్ల కిందట ఆడవాళ్లకు నేర్పారు. దాన్నే వృత్తిగా చేసుకుని బతికారు కూడా.

ఎడిత్ 1872లో ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో పుట్టారు. పెరిగింది వేల్స్‌లో. మధ్యతరగతి ఆడపిల్ల చెమట పట్టేలా వ్యాయామం చేయడమేమిటని పెద్దలు ముఖం చిట్లించే కాలమది. నడుం బిగించే కార్సెట్లు, నేలను ఊడ్చే లంగాలు వేసుకుని పరుగెత్తడం సంగతి అటుంచండి, వేగంగా నడవడమే కష్టం. ఎడిత్‌కు మాత్రం కసరత్తులంటే ఇష్టం. 1893లో విలియం గ్యారుడ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆయన వ్యాయామ శిక్షకుడు, బాక్సింగ్, కుస్తీ తెలిసినవాడు. భార్యాభర్తలిద్దరూ లండన్ చేరారు.

అసలు మలుపు 1899లో వచ్చింది. లీసెస్టర్ స్క్వేర్‌లోని అలంబ్రా థియేటర్‌లో ఎడ్వర్డ్ బార్టన్ రైట్ అనే ఇంజినీరు ఒక ప్రదర్శన ఇచ్చాడు. ఆయన జపాన్‌లో కొన్నేళ్లు పనిచేసి, అక్కడ జుజుత్సు నేర్చుకుని తిరిగొచ్చాడు. దానికి బాక్సింగ్, ఫ్రెంచి కాలి దెబ్బలు, చేతికర్ర సాము కలిపి, తన పేరులో సగం జోడించి బార్టిట్సు అని పేరు పెట్టాడు. (కొత్త కోర్సుకు సొంత బ్రాండు పేరు తగిలించడం ఇప్పటి కోచింగ్ సెంటర్లు కనిపెట్టింది కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.) ఆ ప్రదర్శన చూసిన గ్యారుడ్ దంపతులు ఇద్దరూ వెళ్లి ఆయన దగ్గర చేరిపోయారు.

బార్టన్ రైట్ క్లబ్ ఎన్నాళ్లో నడవలేదు. 1902లో మూతపడింది. కానీ జుజుత్సు నేర్పించడానికి ఆయన జపాన్ నుంచి రప్పించిన కుర్రాళ్లు లండన్‌లోనే ఉండిపోయారు. వారిలో ఒకరు సడకజు ఉయెనిషి. ఆయన సోహోలోని గోల్డెన్ స్క్వేర్‌లో సొంతంగా శిక్షణశాల పెట్టారు. గ్యారుడ్ దంపతులు అక్కడ చేరి ఏళ్ల తరబడి సాధన చేశారు. 1908లో ఉయెనిషి లండన్ వదిలి వెళ్లిపోతుంటే శిక్షణశాలను విలియం తీసుకున్నారు. ఆడవాళ్ల, పిల్లల తరగతులు ఎడిత్ చేతికి వచ్చాయి. అప్పటికి ఆమె వయసు 36. కెరీర్ మొదలుపెట్టడానికి వయసు మించిపోయిందని దిగులుపడేవాళ్లు ఈ అంకెను ఒకసారి చూడొచ్చు.

ఇంతకీ జుజుత్సులో ఏముంది? బలం ఉన్నవాడితో బలంతో తలపడకపోవడమే అందులో కీలకం. అవతలివాడు నెడుతుంటే మనం ఎదురు నెట్టం. కాస్త పక్కకు తప్పుకుని వాడి చేతిని వాడు వెళ్తున్న వైపే లాగుతాం. వాడి బరువే వాడిని ముందుకు తోసేస్తుంది. 90 కిలోల మనిషైనా నిలబడేది రెండు పాదాల మీదే. ఆ పాదాల మధ్య జాగా దాటి తల, నడుం బయటికి జరిగాయా, ఇక వాడు నిలబడలేడు. ఆ క్షణంలో కాలు అడ్డం పెట్టడానికి పహిల్వాన్ కానక్కర్లేదు. ఇక్కడ పొట్టిగా ఉండటం లోపం కాదు, లాభం. పొట్టి మనిషి నడుం అవతలివాడి నడుం కన్నా కిందే ఉంటుంది. వాడిని వీపు మీదికి తీసుకుని విసిరేయడానికి పొడుగువాళ్లలా కిందికి వంగక్కర్లేదు.

మణికట్టు పట్టుకుంటే విడిపించుకోవడం ఇలాంటి శిక్షణలో తొలి పాఠాల్లో ఒకటి. మామూలుగా ఎవరైనా చెయ్యి పట్టుకుంటే మనం వెనక్కి లాగుతాం. అప్పుడు పోటీ మన బలానికి, వాడి నాలుగు వేళ్ల బలానికి మధ్య. ఓడిపోతాం. పట్టు బలహీనంగా ఉండేది బొటనవేలి దగ్గర. బొటనవేలి కొస, మిగతా వేళ్ల కొసలు కలిసే చోట సందు ఉంటుంది. మన మణికట్టును తిప్పి సన్నటి అంచు ఆ సందులోకి వచ్చేలా చేసి, మోచెయ్యి మడుస్తూ ఒక్కసారిగా లాగితే చెయ్యి బయటపడుతుంది. చదివితే ఇంతే. చేతికి అలవాటు కావాలంటే మాత్రం వందల సార్లు చేయాలి. భయం వేసినప్పుడు బుర్ర పనిచేయదు, అలవాటే పనిచేస్తుంది.

దీనికన్నా ముందు నేర్పేది ఇంకొకటుంది. పడటం. చెప్తే నవ్వొస్తుంది గానీ, జుజుత్సు, జూడో శిక్షణశాలల్లో మొదటి రోజుల్లో చేయించేది ఇదే. గడ్డం ఛాతీకి ఆనించి తల నేలకు తగలకుండా చూసుకోవడం, వీపు గుండ్రంగా ఉంచడం, చేతిని చాచి చరిచి దెబ్బను పంచేయడం. వీధిలో జరిగే దాడుల్లో అసలు ప్రమాదం పిడిగుద్దు కాదు, ఆ గుద్దుకు వెనక్కి పడితే తల వెళ్లి రాతికి కొట్టుకోవడం. ఎడిత్ దగ్గర నేర్చుకున్న ఆడవాళ్లకు ముందుముందు బాగా పనికొచ్చింది కూడా ఇదేనని నాకనిపిస్తుంది. ఎందుకంటే వాళ్లను ఎత్తి పడేసే రోజులు దగ్గర్లోనే ఉన్నాయి.

1907లోనే ఎడిత్ ఒక చిన్న సినిమాలో కనిపించారు. మీద పడ్డ దారిదోపిడీగాళ్లను ఒక మహిళ జుజుత్సుతో మట్టికరిపించడం అందులో కథ. ఆఫీసుల్లో, దుకాణాల్లో ఉద్యోగాలకు ఆడవాళ్లు బయటికి రావడం అప్పుడప్పుడే పెరుగుతోంది. రైలు పెట్టెలో, ట్రామ్‌లో, సందు మలుపులో వెంటపడే మగవాళ్ల బెడద గురించి పత్రికల్లో ఉత్తరాలు వచ్చేవి. టోపీకి గుచ్చుకునే పొడవాటి పిన్నే చాలామందికి ఆయుధం. అంతకుమించి ఏదైనా నేర్చుకోవాలని వచ్చేవాళ్లే ఎడిత్ తరగతులకు మొదటి గిరాకీ.

రెండో రకం గిరాకీ రాజకీయాల నుంచి వచ్చింది. ఆనాటి బ్రిటన్‌లో ఆడవాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. 1903లో ఎమ్మెలిన్ ప్యాంక్‌హర్స్ట్ మాంచెస్టర్‌లో పెట్టిన సంఘం అర్జీలతో సరిపెట్టుకోకుండా రోడ్డెక్కింది. ఆ సంఘం వాళ్లకే సఫ్రజెట్లని పేరొచ్చింది. 1907లో దాన్నుంచి విడిపోయినవాళ్లు విమెన్స్ ఫ్రీడమ్ లీగ్ పెట్టుకున్నారు. ఎడిత్ మొదట ఈ లీగ్‌లో చేరి, అందులో జుజుత్సు నేర్పే విభాగాన్ని నడిపారు. తర్వాత ప్యాంక్‌హర్స్ట్ సంఘానికీ నేర్పడం మొదలుపెట్టారు.

గ్యారుడ్ దంపతుల ప్రదర్శనల్లో సాధారణంగా విలియం మాట్లాడేవారు, ఎడిత్ చేసి చూపించేవారు. 1909లో సఫ్రజెట్ల సభలో మాత్రం, ఈసారి మీరే మాట్లాడండని ఎడిత్‌ను ఎమ్మెలిన్ ప్రోత్సహించారని చెబుతారు. పట్లు వేసేది ఆవిడ, వివరించేది వేరొకరు అన్న ఏర్పాటు అక్కడితో మారింది. మర్నాటి నుంచి ఎడిత్ గ్యారుడ్ అంటే విలియం గారి భార్య కాదు, ఒక టీచర్.

1910 మార్చిలో సఫ్రజెట్ల పత్రికలో ఆత్మరక్షణ మీద వ్యాసం రాశారు. వ్యాయామ పత్రికల్లో ఆమె పట్లు ఫొటోలతో అచ్చయ్యాయి. 1911లో ఒక చిన్న నాటకానికి ఫైట్లు కూర్చారు. తాగొచ్చి భార్యను కొట్టే మొగుడు, రహస్యంగా జుజుత్సు నేర్చుకుని అతని తిక్క కుదిర్చే భార్య, ఇదీ కథ. కథ హాస్యంగానే నడుస్తుంది. కానీ ఆడవాళ్ల మీద చెయ్యి చేసుకునేది సందులో పొంచి ఉన్న దొంగే కాదు, ఇంట్లో మనిషి కూడా అని 1911లో స్టేజీ మీద చెప్పడం చిన్న విషయం కాదు. ఇవాళ్టికీ చాలా ఆత్మరక్షణ తరగతులు చీకటి సందు దగ్గరే ఆగిపోతున్నాయి.

1910 నవంబరు 18న మాత్రం నవ్వులకు చోటు లేకపోయింది.

ఆ రోజు శుక్రవారం. కొందరు మహిళలకైనా ఓటు ఇచ్చే బిల్లును ప్రభుత్వం పక్కన పెట్టేసిందని తెలిసి దాదాపు 300 మంది మహిళలు పార్లమెంటుకు బయల్దేరారు. ముందు వరసలో ఎమ్మెలిన్‌తో పాటు ఒక భారతీయ రాకుమారి కూడా ఉన్నారు. పంజాబు చివరి మహారాజు దులీప్ సింగ్ కూతురు సోఫియా. పోలీసులు వాళ్లను వెంటనే అరెస్టు చేయలేదు. చేసి ఉంటే బాగుండేది. దాదాపు ఆరు గంటల పాటు తోశారు, విసిరారు, చేతులు విరిచారు, ఛాతీ మీద పట్టి నలిపారు. చుట్టూ చేరిన మగ గుంపులోకి నెట్టేశారు. సోఫియా ఒక మహిళను ఓ పోలీసు చేతుల్లోంచి విడిపించి, వాడి బ్యాడ్జి నంబరు గుర్తుపెట్టుకుని తర్వాత ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదుతో ఒరిగిందేమీ లేదు. కానీ అంత గలాటాలో నంబరు చూడాలని తోచడం ఉంది చూశారా, అదీ ఒక రకం ఆత్మరక్షణే.

మొత్తం 119 మందిని అరెస్టు చేశారు. వారిలో 115 మంది మహిళలు. మర్నాడు కేసులన్నీ ఎత్తేశారు, అంటే కోర్టులో విచారణ జరిగే దారి మూసేశారు. తర్వాత సేకరించిన 135 వాంగ్మూలాల్లో దాదాపు అన్నీ హింస గురించే. 29 వాంగ్మూలాల్లో అసభ్యంగా తాకడం, నలపడం గురించి ఉంది. బహిరంగ విచారణ జరపాలని అడిగితే అప్పటి హోం మంత్రి విన్‌స్టన్ చర్చిల్ ఒప్పుకోలేదు. ఆ రోజుకు బ్లాక్ ఫ్రైడే అని పేరు పడిపోయింది.

ఆ తర్వాత ఎడిత్ నేర్పే విద్యకు అర్థమే మారిపోయింది. అప్పటిదాకా దాడి చేసేవాడు వస్తే పోలీసును పిలవాలి. ఇప్పుడు దాడి చేసింది పోలీసులే. ఎవర్ని పిలవాలి? ఉద్యమంలోని ఆడవాళ్లు ఊరేగింపులకు వెళ్లేముందు బట్టల లోపల పక్కటెముకల చుట్టూ దళసరి అట్టముక్కలు చుట్టుకోవడం మొదలుపెట్టారు. చూసేవాళ్లకు కార్సెట్ వేసుకున్నట్టే ఉంటుంది. మోచెయ్యి గట్టిగా తగిలితే ఎముక విరగకుండా అట్ట కాస్త కాపాడుతుంది.

ఆర్గైల్ ప్లేస్‌లో ఉన్న ఎడిత్ శిక్షణశాల ఆశ్రయంగానూ మారింది. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో దుకాణాల అద్దాలు పగలగొట్టిన సఫ్రజెట్లు పరుగెత్తుకుంటూ అక్కడికి వచ్చేవారట. ముసలితనంలో ఎడిత్ చెప్పిన సంగతి ఇది. వచ్చినవాళ్లు గబగబా పైబట్టలు విప్పి సాధన దుస్తుల్లోకి మారిపోయేవారు. సుత్తులు, రాళ్లు, విప్పిన బట్టలు అన్నీ చాపల కింద నేలలో చేసిన అరలోకి. పోలీసులు తలుపు తడితే, ఆడవాళ్లు వ్యాయామం చేస్తున్నచోట మగవాళ్లకు పనేమిటని టీచరమ్మ గద్దించేది. ఆవిడ అనుమతితో లోపలికి తొంగిచూసిన అధికారికి చాపల మీద బుద్ధిగా పొర్లుతున్న శిష్యురాళ్లు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. అద్దాలు పగలగొట్టడం, తర్వాత్తర్వాత ఖాళీ భవనాలకు నిప్పు పెట్టడం దాకా వెళ్లిన ఆ ఉద్యమ పద్ధతుల మీద బ్రిటన్‌లో ఇప్పటికీ వాదన తెగలేదు. ఎడిత్‌ను మెచ్చుకోవడానికి వాటన్నిటినీ మెచ్చుకోనక్కర్లేదు.

1913లో ప్రభుత్వం ఇంకో ఎత్తు వేసింది. జైల్లో నిరాహార దీక్ష చేసే మహిళలు చనిపోతే గొడవ. బలవంతంగా గొట్టంతో తిండి ఎక్కిస్తే ఇంకా గొడవ. అందుకని ఏప్రిల్లో కొత్త చట్టం తెచ్చారు. దీక్షతో నీరసించగానే వదిలేస్తారు. కోలుకోగానే మళ్లీ పట్టుకెళ్తారు. పిల్లి ఎలుకతో ఆడుకున్నట్టు ఉందని జనం దానికి పిల్లి ఎలుకల చట్టం అని పేరు పెట్టారు. యాభై దాటిన ఎమ్మెలిన్ ఒళ్లు దీక్షలతో గుల్లయిపోయింది. ఆమె మళ్లీ పోలీసుల చేతికి చిక్కకుండా చూడటానికి ఒక అంగరక్షక దళం పుట్టింది. పాతిక ముప్పై మంది మహిళలు. నాయకురాలు కెనడా నుంచి వచ్చిన గెర్ట్రూడ్ హార్డింగ్. శిక్షణ ఎడిత్ గ్యారుడ్ బాధ్యత.

ఒకే చోట సాధన చేస్తే పోలీసులు పసిగడతారని చోట్లు మారుస్తూ ఉండేవారు. లంగాల మడతల్లో దాచిన చెక్క గదలు వాళ్ల ఆయుధం. ఇంగ్లిషువాళ్లు వాటిని ఇండియన్ క్లబ్స్ అనేవారు. మన తాలింఖానాల్లో పహిల్వాన్లు తిప్పే ముగ్దర్లను ఇక్కడి బ్రిటిష్ సైనికులు చూసి, వ్యాయామానికి బాగుందని తమ దేశం పట్టుకెళ్లారు. అక్కడ చిన్నవిగా, తేలికగా చేసుకున్నారు. అలా వెళ్లిన మన ముగ్దరు చివరికి లండన్ పోలీసు లాఠీకి ఎదురు నిలబడిందన్నమాట.

ఈ దళం కథలో రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ 1914లోనివే, మధ్యలో నెల తేడా.

మొదటిది ఫిబ్రవరిలో, లండన్‌లో. క్యాంప్డెన్ హిల్ స్క్వేర్‌లోని ఒక ఇంటి బాల్కనీ నుంచి ఎమ్మెలిన్ మాట్లాడారు. కింద జనం, వారి మధ్య పోలీసులు. ప్రసంగం అయ్యాక ముఖానికి ముసుగు వేసుకున్న ఓ మహిళ చుట్టూ అంగరక్షకులు గుమిగూడి బయటికొచ్చారు. పోలీసులు మీదపడ్డారు. పెనుగులాట జరిగింది. ముసుగు మహిళను నేలకేసి అదిమి పట్టి, అరెస్టు చేసి తీసుకెళ్లారు. తీరా ముసుగు తీసి చూస్తే ఆవిడ ఎమ్మెలిన్ కాదు, అదే ఒడ్డూపొడుగున్న వేరే మనిషి. అసలు ఎమ్మెలిన్ ఆ సందట్లో ఎప్పుడో జారుకున్నారు.

రెండోది మార్చి 9న, స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో. సెయింట్ ఆండ్రూస్ హాల్లో సభ. పాతిక మంది అంగరక్షకులు ముందు రాత్రి లండన్ నుంచి రైల్లో బయల్దేరి వచ్చి, వేదిక మీద అర్ధచంద్రాకారంలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. హాలు బయట, లోపల పోలీసులు. ఎమ్మెలిన్ ఎలా వస్తారా అని అందరూ చూస్తుంటే ఆవిడ మామూలు ప్రేక్షకురాలిలా టికెట్ చూపించి లోపలికి వచ్చేసి వేదికెక్కారు. మాట్లాడటం మొదలుపెట్టిన కొద్దిసేపటికే పోలీసులు లాఠీలతో వేదిక మీదికి దూకారు. అంచున అలంకరించిన పూలదండల వెనక ముళ్లతీగ ఉందని చేతులు చీరుకున్నాకే తెలిసింది వాళ్లకు. కుర్చీలు, పూలకుండీలు ఎగిరాయి. ముగ్దర్లు, లాఠీలు తాకాయి. వేల మంది ప్రేక్షకుల ముందు కొన్ని నిమిషాల పాటు అదొక రణరంగం. చివరికి పోలీసులే సంఖ్యలో ఎక్కువ. ఎమ్మెలిన్‌ను ఈడ్చుకెళ్లి అరెస్టు చేశారు.

చరిత్రలో, సినిమాల్లో, కామిక్స్‌లో గ్లాస్గో సంఘటనకే పేరు ఎక్కువ. చూడ్డానికి బాగుంటుంది మరి. కానీ ఫలితం చూడండి. గ్లాస్గోలో కలబడ్డారు, కాపాడాల్సిన మనిషి చేజారిపోయింది. లండన్‌లో తప్పించారు, మనిషి దక్కింది. ఆత్మరక్షణ అనగానే మన కుర్రాళ్లకు గ్లాస్గో గుర్తొస్తుంది. దాడి చేసేవాడిని చితక్కొట్టడం, నేలకు కరిపించడం. నిజానికి ఎడిత్ నేర్పిన విద్యకు దగ్గరగా ఉన్నది ఫిబ్రవరి రాత్రి. అవతలివాడి బలం ఎటు వెళ్తోందో చూసి, దాన్ని అటే వెళ్లనిచ్చి, మనం పక్కకు తప్పుకోవడం. పోలీసుల బలమంతా ముసుగు మనిషి వైపు వెళ్లింది. జుజుత్సు పట్టు కూడా అచ్చంగా అంతే కదా.

పట్టు పట్టి అవతలివాడిని పడేశాక ఏం చేయాలన్నది కూడా అందులో భాగమే. చిన్న మనిషి పెద్ద మనిషిని పడేస్తే దక్కేది రెండు మూడు క్షణాలు. వాడు లేచి రెండోసారి వస్తే ఈసారి జాగ్రత్తగా వస్తాడు, ఆశ్చర్యం అనే ఆయుధం అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. కాబట్టి ఆ రెండు మూడు క్షణాలూ వెలుతురు వైపు, జనం వైపు పరుగెత్తడానికే. గొంతెత్తి అరవడానికే. పర్సు కోసం వచ్చినవాడైతే పర్సు వాడి వైపు కాక దూరంగా విసిరి, మనం రెండో వైపు వెళ్లిపోవడం నామర్దా కాదు. ఫోను చేతికి అందితే 112.

గ్లాస్గో దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది, చట్టపరమైనది. మీద పడింది దొంగయితే సరే, యూనిఫాంలో ఉన్నవాడైతే? మన దేశంలో చట్టం ఏమంటుందో చూద్దాం, పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఎలాగూ పనికొస్తుంది. పాత ఐపీసీలో 96 నుంచి 106 దాకా ఉన్న ఆత్మరక్షణ హక్కు సెక్షన్లు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్నాయి. మన ఒంటిని గానీ ఇంకొకరి ఒంటిని గానీ కాపాడుకోవడానికి చేసిన పని నేరం కాదు. దానికి హద్దులున్నాయి. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకుమించి హాని చేయకూడదు. అధికారులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఈ హక్కు వాడుకోకూడదు. ప్రభుత్వ ఉద్యోగి తన హోదాలో సదుద్దేశంతో చేసే పనికి ఎదురు తిరగడం, ప్రాణం పోతుందనో తీవ్రంగా గాయపడతామనో సహేతుకమైన భయం ఉంటే తప్ప, ఈ హక్కు కిందికి రాదు. అత్యాచారం చేయబోయేవాడి విషయంలో మాత్రం చట్టం చాలా దూరం వెళ్లింది. తప్పనిసరై వాడి ప్రాణం తీసినా అది హక్కు పరిధిలోనిదే. దాడి ఆగిపోయాక, వాడు పారిపోతున్నాక వెంటపడి కొట్టడం మాత్రం రక్షణ కిందికి రాదు, అది కక్ష తీర్చుకోవడం. ఈ గీత తెలియక కేసుల్లో ఇరుక్కునేవాళ్లుంటారు. కరాటే క్లాసులో బెల్టుతో పాటు ఈ నాలుగు సెక్షన్లు కూడా చెప్తే బాగుండును.

లండన్‌కు తిరిగొద్దాం. 1914 ఆగస్టులో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఎమ్మెలిన్ ఉద్యమాన్ని ఆపేసి యుద్ధానికి మద్దతు ప్రకటించారు. ప్రభుత్వం జైళ్లలోని సఫ్రజెట్లను వదిలేసింది. అంగరక్షక దళానికి పని లేకుండా పోయింది. ఆ ఏడాదే విలియం గ్యారుడ్ జుజుత్సు మీద రాసిన పుస్తకం వెలువడింది, ఇంగ్లిషులో ఈ విద్య నేర్చుకునేవాళ్లకు చాలాకాలం అదొక పాఠ్యపుస్తకంలా ఉపయోగపడింది. 1918లో ముప్పై ఏళ్లు దాటి, కొన్ని ఆస్తి అర్హతలున్న బ్రిటిష్ మహిళలకు ఓటు వచ్చింది. మగవాళ్లతో సమానంగా అందరికీ రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

ఎడిత్ ఆ ఉత్సవాల్లో వేదికలెక్కిన మనిషి కాదు. భర్తతో కలిసి పాఠాలు చెప్పుకుంటూ 1925 వరకు శిక్షణశాల నడిపారు. తర్వాత దాన్ని అమ్మేసి మామూలు జీవితంలోకి వెళ్లిపోయారు. నలభై ఏళ్ల పాటు పత్రికలు ఆమెను మర్చిపోయాయి. 1965లో ఒక మహిళా పత్రిక విలేకరి వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆమెకు తొంభై దాటాయి. చాపల కింద సుత్తులు దాచిన కథ అప్పుడే బయటికొచ్చింది. పార్లమెంటు దగ్గర అడ్డంగా నిలబడ్డావు, పక్కకు తప్పుకో అన్న ఓ భారీకాయుడైన పోలీసును చేతిరుమాలు కింద పడేసుకున్నట్టు నటించి వంగి, భుజం మీదుగా విసిరేసి జనంలో కలిసిపోయిన సంగతి కూడా ఆ ముచ్చట్లలోనే చెప్పారు. విసిరాక ఏం చేశారో గమనించారా? నిలబడి చూడలేదు.

1971లో ఎడిత్ గ్యారుడ్ కన్నుమూశారు, 99 ఏళ్ల వయసులో. 2012లో లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో, థార్న్‌హిల్ స్క్వేర్‌లో ఆమె నివసించిన ఇంటికి స్థానికులు ఓట్లేసి మరీ ఒక స్మారక ఫలకం పెట్టించారు.